నాలో ఒక అక్షరం తప్పు

నన్ను టీఏ100 అంటారు. సాల్మొనెల్లా బాక్టీరియాని. మా వంశం పేరెత్తగానే వాంతులు, విరేచనాలు గుర్తొస్తాయి గానీ, రోగం తెప్పించే సత్తా నాలో పెద్దగా మిగల్లేదు. బతకడానికి కావలసినవి కొన్ని మనుషులు నా నుంచి తీసేశారు. ఎందుకు తీశారో తెలిశాక నాకు బాధ లేదు.

మొదటి లోటు నా డీఎన్‌ఏలోనే ఉంది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పు. దానివల్ల ప్రోటీన్‌లో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది. ఎవరైనా హిస్టిడిన్ పెడితే పెరుగుతాను, పెట్టకపోతే ఆగిపోతాను. తరవాత నా పైపొరను పలచన చేశారు, పెద్ద అణువులు సైతం సులువుగా లోపలికి రావాలని. డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే ఆ ముక్క కత్తిరించి బాగుచేసుకునే ఏర్పాటునూ తొలగించారు. 1975లో మాత్రం తీయకుండా ఒకటి చేర్చారు. పీకేఎం101 అనే చిన్న డీఎన్‌ఏ వలయం అది. అది చేరాక, దెబ్బతిన్న చోట నేను చేసుకునే మరమ్మతులో తప్పులు ఎక్కువయ్యాయి.

ఇదంతా చేసింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్, ఆయన బృందం. మా జాతి హిస్టిడిన్ ఎలా తయారుచేసుకుంటుందో ఆయన ఏళ్ల తరబడి చదివినవాడు. 1964లో ఒక చిప్స్ ప్యాకెట్ మీది పదార్థాల జాబితా చూస్తూ, వీటిలో ఏది జన్యువుల్ని పాడుచేస్తుందో తెలుసుకునేదెలా అని ఆలోచనలో పడ్డారట. ఆ ఆలోచనలోంచే నేను పుట్టాను. అడిగిన ల్యాబులకు మమ్మల్ని ఉచితంగా పంపారు. అందుకే భూగోళంలో నేను లేని దేశం వెతకాలి.

నా పని ఇది. పది కోట్ల మందిమి ఒక పెట్రీ ప్లేటులోకి దిగుతాం. హిస్టిడిన్ చిటికెడే ఉంటుంది, కొన్ని తరాలకే అయిపోతుంది. పక్కనే పరీక్షించాల్సిన రసాయనం. 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు. ఆ రసాయనం డీఎన్‌ఏను దెబ్బతీసేదైతే, మాలో కొందరికి సరిగ్గా ఆ తప్పు అక్షరం దగ్గరే మార్పు జరిగి జన్యువు మళ్లీ పనిచేస్తుంది. వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో కాలనీ అవుతారు. ఏమీ వేయని ప్లేటులోనూ వందకు అటూ ఇటూగా కాలనీలు వస్తాయి. అంతకు ఎన్ని రెట్లు పెరిగాయన్నదే లెక్క. నాకు ప్రాణం పోసే ఆ మార్పులాంటిదే మనిషి కణంలో, పీ53 లాంటి జన్యువులో జరిగితే క్యాన్సర్‌కు తొలి మెట్టవుతుంది. ప్లేటు నిండా నా వాళ్లు లేచి నిలబడినప్పుడు సంతోషించలేకపోవడానికి కారణం అదే.

చాలా విషాలు ఒంట్లోకి వచ్చినప్పుడు విషాలు కావు. శరీరమే వాటిని అలా చేస్తుంది. చుట్ట పొగలోని బెంజోపైరీన్ అలాంటిదే. శ్రీకాకుళం తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ వెనక పొగ, వేడి రెండూ ఉన్నాయి. వేరుశనగకు, మొక్కజొన్నకు పట్టే బూజు విసర్జించే అఫ్లాటాక్సిన్ కూడా అంతే. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు అక్కడికి వెళ్లి కారణం పట్టుకున్నారు. అది ఒక్కసారిగా చంపిన మోతాదు. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తిన్నవాళ్ల కాలేయంలో ఎంజైములు దాన్ని చురుకైన రూపంలోకి మారిస్తే, అది డీఎన్‌ఏలో జీ అక్షరమైన గ్వానైన్‌కు అతుక్కుంటుంది. కాపీ చేసుకునేటప్పుడు జీ ఉండాల్సిన చోట టీ పడుతుంది. చైనాలోని చీడాంగ్ ప్రాంతపు కాలేయ కంతుల్లో పీ53 జన్యువు 249వ కోడాన్‌లో, అంటే ఆ మూడక్షరాల మాటలో, ఇదే మార్పు పదేపదే కనిపించిందని 1991లో తేలింది. నాకు కాలేయం లేదు. అందుకే ఎలుక కాలేయాన్ని నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేట నా ప్లేటులో కలుపుతారు. 1973లో ఏమ్స్ బృందం చేసిన ఈ పని లేకపోతే నేను చాలా విషాల ముందు మూగనే.

నేను ఎక్కువగా తలుచుకునేది పిల్లల పైజామాల సంగతి. 1970ల మొదట్లో అమెరికాలో చిన్నపిల్లల రాత్రి దుస్తులు తేలిగ్గా అంటుకోకూడదని నిబంధన వచ్చింది. ఉద్దేశం మంచిదే. మిల్లులు బట్టకు ట్రిస్ అనే బ్రోమిన్ రసాయనం పట్టించాయి, బట్ట బరువులో ఐదు శాతం దాకా. పసివాళ్లు రాత్రంతా దాన్ని ఒంటికి చుట్టుకుని పడుకునేవారు, అంచులు చప్పరించేవారు. ఆర్లీన్ బ్లూమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఏమ్స్‌తో కలిసి ఆ ట్రిస్‌ను మా ప్లేటులో వేసింది. కాలనీలు విరగబడి లేచాయి. 1977 జనవరిలో ఆ ఇద్దరి వ్యాసం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ దుస్తుల్ని నిషేధించింది. మరుసటి ఏడాది, ఆ పైజామాలు వేసుకున్న పిల్లల మూత్రంలో ట్రిస్ నుంచి పుట్టిన పదార్థం దొరికింది. అదీ డీఎన్‌ఏను మార్చేదే. అది ఒంట్లోకి వెళ్తోందన్న అనుమానం రుజువైంది. బ్లూమ్ ఆ ఏడాదే ఆడవాళ్ల బృందాన్ని అన్నపూర్ణ శిఖరానికి నడిపించింది. అంత ధైర్యం ఉన్న మనిషి చేతిలో నేను పనిచేశాను.

కానీ ట్రిస్ పోయి దాని చుట్టం వచ్చింది. బ్రోమిన్ బదులు క్లోరిన్ ఉన్నది. మా ప్లేటులో దాని గుణమూ బయటపడింది, పైజామాల నుంచి దాన్నీ మానుకున్నారు. దశాబ్దాల తరవాత అదే రసాయనం సోఫాల ఫోమ్‌లో తేలింది. పరీక్ష ఒక్కసారి చేసి పక్కన పెడితే ఇలాగే అవుతుంది. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

నేను చెప్పిందే వేదం కాదు. 1975లో తెలిసిన క్యాన్సర్ కారకాలు 174 వేస్తే మా రకాలన్నీ కలిసి 156 పట్టుకున్నాం. తరవాతి జాబితాల్లో అంత గురి కుదరలేదు. ఆస్‌బెస్టాస్ నాకు దొరకదు, బెంజీన్ దొరకదు. నా ప్లేటు ఖాళీగా ఉందని ఎవరైనా వాటిని నిర్దోషులంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబ్‌లో, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాను. కొత్త రసాయన మందు దాదాపు ఏదైనా మా అయిదు రకాల బాక్టీరియా ముందుకు రావాల్సిందే. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ మలినం దొరికాక పని పెరిగింది. రోజుకు 96 నానోగ్రాములకు మించకూడదన్నారు. బీపీ మాత్ర వేసుకునే మనిషి దాన్ని ఒక్క రోజుతో ఆపడు, ఏళ్ల తరబడి వేసుకుంటాడు. మామూలు ఎలుక కాలేయంతో ఈ జాతి మలినాలు కొన్ని నా దగ్గర సరిగా బయటపడవు. అందుకని హ్యామ్‌స్టర్ కాలేయం కూడా తెచ్చి, పాళ్లు పెంచి, ప్లేటులో పోసే ముందే అరగంట నాతో కలిపి ఉంచుతున్నారు. ఇవాళ బయటికి తీసిన గొట్టంలో నేనున్నాను.