ఒక్క బిడ్డ, ఇరవై కాన్పులు

సాలూరు చుట్టుపక్కల పదో తరగతి గట్టెక్కిన ప్రతి ఆడపిల్లకీ ఇద్దరు ముగ్గురు సలహాదారులు తయారుగా ఉంటారు. మేనమామ ఒకడు, ట్యూషన్ మాస్టారు ఒకరు, విశాఖపట్నంలో నాలుగు రోజులుండి వచ్చిన పక్కింటి అప్ప ఒకామె. ముగ్గురిదీ ఒకటే మాట: "గుంటని నర్సింగులో ఏసీండి." దారి కూడా వాళ్ళే గీసిస్తారు. సచివాలయంలో ఏఎన్‌ఎం ఉద్యోగం, అది రాకపోతే విశాఖలో కార్పొరేట్ ఆసుపత్రి, జాతకం బాగుంటే జర్మనీ. ఈ దారిలో రోగి అనే మజిలీ ఒకటి తగులుతుందని మాత్రం ముగ్గురిలో ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. ఆ మజిలీ తగలకుండానే పిల్లని గమ్యం చేర్చే బైపాస్ రోడ్లు కొన్ని కాలేజీలు ఎప్పుడో వేసేశాయి.

కోర్సులకేం కరువు లేదు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) ఫిమేల్ చదివి, ఆపైన ఏడాదిపాటు ఆసుపత్రిలో క్లినికల్ ట్రైనింగ్ చెయ్యొచ్చు. రెండేళ్ళ ఏఎన్‌ఎం ఉంది, మూడేళ్ళ జీఎన్‌ఎం ఉంది, నాలుగేళ్ళ బీఎస్సీ ఉంది. ఏఎన్‌ఎం చదువు ఈ దేశంలో 1951లో పంజాబ్‌లోని తరన్ తారన్‌లో, ఒక మిషన్ ఆసుపత్రిలో మొదలైంది. రెండేళ్ళ కోర్సుగా పుట్టి, 1977లో 18 నెలలకి చిక్కి, తరవాతెప్పుడో మళ్ళీ ఒళ్ళు చేసి రెండేళ్ళకి వచ్చింది. ఎన్ని నెలలు కలిపినా తీసేసినా సిలబస్‌లో ఒక మాట చెక్కుచెదరలేదు. నర్సు పని రోగి మంచం పక్కనే నేర్చుకోవాలి. ఆ మాటంటే అందరికీ గౌరవమే. గౌరవం ఎక్కువై పటం కట్టి గోడకి తగిలించారు.

మంచం దొరకని చోట బొమ్మ ఉంటుంది. ల్యాబ్‌లో నిలువెత్తు ప్లాస్టిక్ మనిషి. చాలా సహనశీలి. సూది ఎక్కడ గుచ్చినా "ఒలమ్మో" అనదు, చెయ్యి వెనక్కి లాక్కోదు, రక్తనాళం దొరక్క నాలుగుసార్లు పొడిచినా దాని బంధువులొచ్చి గొడవ చెయ్యరు. కొన్నిచోట్ల ఆ బొమ్మని కూడా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తనిఖీకి వచ్చేవాళ్ళు చూసినప్పుడు కొత్తగా కనిపించాలి కదా. అప్పుడు పిల్లలు పక్కనున్న అమ్మాయి జబ్బకే బీపీ పట్టీ చుట్టి నేర్చుకుంటారు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళు. ఎన్నిసార్లు చూసినా 120/80. బీపీ అంటే ఇంతే కాబోలు అనుకుంటారు. ఆ నమ్మకం తరవాత ఉద్యోగంలో ఎంత కలిసొస్తుందో ముందు ముందు చూద్దాం.

ఇక అసలు మాహాత్మ్యమంతా మిడ్‌వైఫరీ కేసు బుక్కులో ఉంది. బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని తన చేతుల మీదుగా 20 సాధారణ కాన్పులు చెయ్యాలన్నది ఎన్నో ఏళ్ళు నడిచిన లెక్క. చిన్న కోర్సులకి వాటి లెక్కలు వాటికున్నాయి. ఇప్పుడు ఒక లేబర్ రూమ్ ఊహించుకోండి. టేబుల్ మీద ఒక తల్లి. చుట్టూ ఇరవై మంది పిల్లలు, తెల్ల కోట్లలో. ముందు వరస వాళ్ళకి స్టాఫ్ నర్సు వీపు కనిపిస్తుంది, వెనక వరస వాళ్ళకి ముందు వరస వాళ్ళ జడలు. కాన్పు చేసేది స్టాఫ్ నర్సు. చెయ్యక ఏం చేస్తుంది, ఏదైనా అయితే మెమో వచ్చేది ఆవిడకే. కేర్‌మని ఏడుపు వినిపించగానే ఇరవై మందీ ఒక్కసారి కేస్ షీట్ మీద పడతారు. పేరు, వయసు, ఎన్నో కాన్పు, ఆఖరి నెలసరి తేదీ. ఆ తల్లికి పుట్టింది ఒక్క మగపిల్లాడు. సాయంత్రం హాస్టల్లో ఇరవై పుస్తకాల్లో ఇరవైసార్లు పుట్టాడు. బరువు ఒక పుస్తకంలో 2.8 కిలోలు, ఇంకోదాంట్లో 3.1, మరోదాంట్లో ఆడపిల్ల. అన్నీ ఒకేలా ఉంటే ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుందని ఎవరో తెలివైన పిల్ల సర్దింది. ఈ తెలివి ఏ సిలబస్‌లోనూ లేదు. సీనియర్ల నుంచి జూనియర్లకి వారసత్వంగా వస్తుంది.

పిల్లల్ని అని లాభం లేదు. రికార్డుకి అట్ట వెయ్యకపోతే మార్కులు పోతాయి, బొమ్మలకి రంగు పెన్సిళ్ళు వాడకపోతే మార్కులు పోతాయి. కాన్పు చూడకపోతే ఏ మార్కూ పోదు. వాళ్ళు లెక్క సరిగ్గానే వేసుకున్నారు.

సాలూరు లారీల ఊరు. ఇక్కడ క్లీనరుగా చేరినవాడు టైర్లు తట్టి, గ్రీజు పూసి, డ్రైవరు పక్కన ఏళ్ళ తరబడి కునికిపాట్లు పడితేగాని స్టీరింగ్ దగ్గరికి రానివ్వరు. "కుర్రాడు సుంకి ఘాట్ మలుపుల మీద నోట్సు చాలా అందంగా రాశాడండీ, ఇండెక్స్ కూడా ఉంది" అంటే ఏ ఓనరూ లోడు బండి తాళాలు చేతిలో పెట్టడు. బండి ఖరీదు అలాంటిది మరి.

ఇంతకీ కాన్పులు లేక కాదు ఈ కరువు. మక్కువ, పాచిపెంట, సాలూరు మండలాల కొండల మీద నెలలు నిండిన తల్లుల్ని డోలీ కట్టి దింపుతున్న ఫోటోలు పేపర్లకి ఏటా వస్తూనే ఉంటాయి. ఆ డోలీల గొడవ పెద్దదయ్యాకే 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరు వైటీసీ (యువజన శిక్షణ కేంద్రం) భవనంలో గిరిశిఖర గ్రామాల గర్భిణులకి వసతి గృహం తెరిచింది. నెల ముందే దిగొచ్చి అక్కడ ఉండి, నొప్పులొస్తే ఆసుపత్రికి వెళ్ళొచ్చు. మంచి పని, ఇందులో వెక్కిరింత లేదు. పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చూడ్డం, ఫీటోస్కోపు ఆనించి గుండె చప్పుడు లెక్కపెట్టడం నేర్చుకోవాలంటే అన్ని నిండు పొట్టలు ఒక్క కప్పు కింద ఇంకెక్కడ దొరుకుతాయి? ఆ తల్లుల్ని అడిగి, వాళ్ళు సరేనంటేనే అనుకోండి. కానీ కేసు బుక్కు కాపీ కొట్టడానికి కొండ పిల్ల అక్కర్లేదు, పక్క మంచం పిల్ల చాలు.

సరే, చదువైంది, రిజిస్ట్రేషన్ అయింది, ఏజెన్సీలో సబ్‌సెంటర్ వచ్చింది. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్ అయితే కొండల్లో 3,000 మందికి ఒకటి. జనం తక్కువే, నడకే ఎక్కువ. బుధ, శనివారాల్లో టీకాలు. నాలుగు ఐస్ ప్యాకుల నీలం పెట్టె భుజాన వేసుకుని, సీసా మీది గుండ్రంలో చతురస్రం రంగు మారిందేమో చూసుకుంటూ, గెడ్డ దాటి, ఊరు చేరేసరికి జనమంతా పోడు పనికి పోయుంటారు. వాళ్ళకోసం కూచున్నంతసేపూ రిజిస్టర్లు. రిజిస్టర్లయ్యాక ట్యాబ్. ట్యాబ్‌లో ఒక యాప్ గర్భిణులకి, ఇంకోటి బీపీ, షుగర్లకి, మరోటి తన సొంత ముఖం చూపించి హాజరు వేసుకోడానికి. యాప్‌లో గడి ఖాళీగా ఉంటే ముందుకి కదలదు. బీపీ మిషను పట్టీ చిరిగి మూడు నెలలైనా గడి మాత్రం నిండాలి. ఏం రాస్తుంది? 120/80. కొండ మీద ముసలీముతకా అందరికీ యోగి పుంగవుల బీపీ.

కాబట్టి కాలేజీల్ని నిందించేవాళ్ళకి ఉద్యోగం సంగతి తెలియదు. ఆ అమ్మాయి మూడేళ్ళు నేర్చుకున్నదేమిటి? రోగి లేకుండా గడులు నింపడం. ఆమెని అడుగుతున్నదేమిటి? అదే. ఇంత అచ్చంగా ఉద్యోగానికి అతికిన చదువు ఐఐటీల్లో కూడా లేదు.

ఒక్క లోటు తీరిస్తే చాలు. ఫైనల్ ప్రాక్టికల్స్‌లో ఒక ప్రశ్న కలపాలి. వైవా ఇలా సాగాలని నా మనవి.

"బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఏ ఇంజెక్షన్ ఇవ్వాలమ్మా?"

"ఆక్సిటోసిన్ పది యూనిట్లు, కండకి సార్."

"ఇచ్చావా ఎప్పుడైనా?"

"పుస్తకంలో ఇరవైసార్లు ఇచ్చాను సార్."

"సబ్‌సెంటర్లో సిగ్నల్ లేదు, ఎంట్రీ ఈ రోజే పడాలి. ఏం చేస్తావు?"

"ఊరి చివర చింతచెట్టు నడిమి కొమ్మ ఎక్కితే ఒడిశా టవరు రెండు గీతలు వస్తాది సార్. నాను ఎక్కి సూసొచ్చినాను."

"శభాష్. ప్రాక్టికల్ అనుభవం ఉంది. డిస్టింక్షన్."