టిక్కెటు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
బెర్తు పదియు నిండ పెరుగును పదివంతు
మరల నిండెనేని మరల పెరుగు
పొద్దుపొడుపు వేరు పొద్దుగూకిన వేరు
రైలు టిక్కెటునకు రంగులెన్ని!

అవతారిక: కవి తన పేరు చెప్పుకోలేదు. మకుటమూ లేదు. తెర మీద ధర మారిపోతూ ఉంటే మకుటం కోసం తడుముకునే తీరిక ఎవరికుంటుంది? కాబట్టి ఇది బుకింగు నడుమ ఆశువుగా వెలువడిన పద్యమని పెద్దల ఊహ. కాలనిర్ణయం మాత్రం తేలిక. రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ఫ్లెక్సీ ఛార్జీ 2016 సెప్టెంబరు 9న మొదలైంది. పదికి పది అన్న లెక్క అప్పటిదే. అంతకుముందే ఎవరైనా ఈ మాట అని ఉంటే అతణ్ణి కవి అనరాదు, జ్యోతిష్కుడనాలి.

ప్రతిపదార్థం: బెర్తు = రైలుపెట్టెలో ఒళ్ళు వాల్చే పలక (లక్షణచేత శతాబ్దిలోని కూర్చునే సీటును కూడా గ్రహించవలెను); పదియు = నూటికి పది; నిండ = అమ్ముడుపోగా; పెరుగును పదివంతు = మూల ఛార్జీ మీద పదోవంతు పైకి లేచును; మరల నిండెనేని = ఇంకో పది అమ్ముడైతే; మరల పెరుగు = ఇంకో పదోవంతు లేచును; పొద్దుపొడుపు వేరు = కాఫీ తాగుతూ చూసిన ధర వేరు; పొద్దుగూకిన వేరు = ఇంట్లో అందరినీ అడిగి, సరేననిపించుకుని, మళ్ళీ చూసిన ధర వేరు; రైలు టిక్కెటునకు = రైలెక్కుటకు కొనవలసిన చీటీకి; రంగులెన్ని = ఎన్నెన్ని వన్నెలో కదా!

తాత్పర్యం: నూరు బెర్తుల్లో పది అమ్ముడుపోగానే పదకొండోవాడు పదోవంతు ఎక్కువ ఇచ్చుకోవాలి. ఇరవై నిండితే ఇరవయ్యొకటోవాడు ఇంకో పదోవంతు ఇచ్చుకోవాలి. టిక్కెటు ధర మనం వెళ్ళే దూరంతో ఆగక, మనకంటే ముందు ఎందరు కొన్నారనే దానిమీద కూడా ఆధారపడుతున్నదని కవి వాపోవుచున్నాడు.

విశేషాలు: ‘మరల పెరుగు’ అన్నచోట శిష్యులకు ఒక శంక కలుగుతుంది. ఆ పదోవంతు అసలు మీదనా, అప్పటికే పెరిగిన దాని మీదనా? కవి విడమరచి చెప్పలేదు. రైల్వే ఉత్తర్వు చెప్పింది. ఇది బారువడ్డీ, చక్రవడ్డీ కాదు. మూల ఛార్జీ వెయ్యి రూపాయలనుకుంటే నాలుగు మెట్లెక్కేసరికి 1400 అవుతుంది. చక్రవడ్డీ అయి ఉంటే 1464 అయ్యేది. ఆ అరవై నాలుగు రూపాయలు మనకు మిగిల్చినందుకు రైల్వేవారిని మెచ్చుకోవాలని ఒక వ్యాఖ్యాత రాశాడు. ఆయన పాసు మీద ప్రయాణం చేసేవాడని వినికిడి. ఇంకొకటి: ఇలా పెరిగేది మూల ఛార్జీ ఒక్కటే. రిజర్వేషన్ ఛార్జీ, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ ఈ మెట్లెక్కవు, నిలువునా కట్టిన గోడల్లా ఎక్కడివక్కడే ఉంటాయి. ఏసీ తరగతులకు వేసే ఐదు శాతం జీఎస్టీ మాత్రం పెరిగిన దాన్ని కూడా కలుపుకుని లెక్కకొస్తుంది.

ఇక ‘రంగులెన్ని’. ఇది ఆశ్చర్యార్థకమని పాఠ్యపుస్తకాలు తేల్చేస్తాయి. నిజానికి ఇది ప్రశ్న, దీనికి జవాబుంది. మొదట్లో సెకండ్ ఏసీకి మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా, థర్డ్ ఏసీకి 1.4 రెట్ల దాకా పెరగవచ్చన్నారు. 2018 చివరలో ఒకటిన్నర కాస్తా 1.4కు దిగింది. జనం అంతగా ఎక్కని కొన్ని రైళ్ళకు ఫ్లెక్సీనే ఎత్తేశారు. కనుక వెయ్యి రూపాయల టిక్కెటుకు రంగులు ఐదు: వెయ్యి, పదకొండు వందలు, పన్నెండు వందలు, పదమూడు వందలు, పద్నాలుగు వందలు. కథ అంతటితో అయిపోలేదు. మొదటి నాలుగు రంగులూ తలా పది బెర్తులకు సరిపోతాయి. మొత్తం నలభై. మిగిలిన అరవై బెర్తులకూ ఒకటే రంగు, ముదురు రంగు. పెట్టె నిండినప్పుడు పదిమందిలో ఆరుగురు కట్టేది గరిష్ఠ ధరే.

ఇక్కడే ఈ టీకాకారుడు కవితో విభేదిస్తాడు. ధర పొద్దుకొక తీరుగా ఊగిసలాడుతోందని కవి బాధ. ఊగిసలాట తక్కువేనని, నిలబడిపోవడమే ఎక్కువని మా అభిప్రాయం. గిరాకీ ఉన్న రోజున ఇది మారే ధర కానే కాదు, హెచ్చు ధర. ముందొచ్చిన నలభైమందికి అందులో అంచెలంచెలుగా రాయితీ ఇస్తారు, అంతే. ఆ నలభైమంది ఎవరు? ప్రయాణం తేదీ ముందే తెలిసినవారు. 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల ముందు కాక 60 రోజుల ముందు మాత్రమే రిజర్వేషన్ తెరుస్తున్నారు. పెళ్ళికి వెళ్ళేవాడికి ముహూర్తం చేతిలో ఉంటుంది. సెలవులకు వెళ్ళేవాడికి క్యాలెండరు ఉంటుంది. తండ్రికి బాగాలేదని ఫోను వచ్చినవాడికి, కబురందగానే కదలాల్సినవాడికి ఏముంటుంది? గడువు ఎంత దగ్గరపడితే అంత ముదురు రంగు వాడికే అంటుకుంటుంది. కవి ఈ సంగతి చెప్పలేదు. నాలుగు పాదాల్లో పట్టలేదనుకోవాలి.

పాత వ్యాఖ్యల్లో కనబడని ఒక సంగతి కూడా చెప్పాలి. ఫస్ట్ ఏసీకీ, శతాబ్దిలోని ఎగ్జిక్యూటివ్ తరగతికీ 2016లోనే ఫ్లెక్సీ నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ధరలో నిలకడ కావాలంటే అన్నిటికన్నా ఖరీదైన తరగతిలో కూర్చోవాలి. స్థిరత్వం ధనవంతుల గుణమని పూర్వులు ఊరికే అనుకోలేదు.

అర్థభేద విచారం: ‘పొద్దుపొడుపు, పొద్దుగూకిన’ అన్నందువల్ల ధర సూర్యుణ్ణి బట్టి మారుతుందని ఒక శాఖవారు అర్థం చెబుతారు. వీరు తెల్లవారుజామునే లేచి బుక్ చేయాలంటారు. ఇంకో శాఖవారు ఇంకా గూఢంగా వెళ్ళి, ‘నువ్వు చూస్తున్నావని దానికి తెలుసు, రెండోసారి చూస్తే పెంచేస్తుంది’ అంటారు. బ్రౌజరులో రహస్య కిటికీ తెరిచి, ఊపిరి బిగబట్టి వెతకడం వీరి ఆచారం. విమాన టిక్కెట్ల నుంచి ఈ భయం రైళ్ళకు పాకినట్టుంది. రెండు మతాలూ నిలవవు. ఫ్లెక్సీ లెక్కపెట్టేది అమ్ముడైన బెర్తుల్ని, చూసిన కళ్ళను కాదు. నూరుసార్లు చూసినా పెరగదు. నువ్వు చూస్తూ కూర్చున్నంతసేపట్లో ఎక్కడో బల్లార్షాలోనో భోపాల్‌లోనో ఒకాయన కొనేస్తాడు, అప్పుడు పెరుగుతుంది.

అయితే ఒకే బెర్తుకు ఒక యాప్‌లో ఒక ధర, ఇంకో యాప్‌లో ఇంకో ధర కనబడటం అబద్ధం కాదు. అది రైలు మహిమ కాదు, దారిలో కూర్చున్నవారి మహిమ. ఐఆర్‌సీటీసీవారే సొంతంగా ‘సౌకర్య రుసుము’ తీసుకుంటారు: నాన్ ఏసీకి 15 రూపాయలు, ఏసీకి 30, యూపీఐతో కడితే 10, 20, ఆపైన జీఎస్టీ. మధ్యవర్తి యాప్‌లు తమ సేవా రుసుము, చెల్లింపు రుసుము దానికి తగిలిస్తాయి. టిక్కెటు రద్దు చేసుకుంటే డబ్బు పోదనే హామీ ఒకటి కొన్నిచోట్ల ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మొదటి పేజీలో చూసిన ధర ఆఖరి పేజీకి వచ్చేసరికి బొద్దుగా తయారవడానికి కారణం ఇదే. ఇన్నిటి మధ్య నలభై అయిదు పైసల ప్రయాణ బీమా ఒకటి ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివారికి పది లక్షలిస్తుంది. ఆ పేజీ మొత్తం మీద సిగ్గుపడుతూ నిలబడ్డ అంకె అదొక్కటే.

దోషవిచారం: పద్యంలో అతివ్యాప్తి దోషం ఉంది. కవి ‘రైలు టిక్కెటునకు’ అని అన్ని రైళ్ళనూ ఒకే గాటన కట్టేశాడు. గోదావరి, గౌతమి, చార్మినార్, నారాయణాద్రి వంటి మామూలు ఎక్స్‌ప్రెస్‌లకు పదికి పది లెక్క వర్తించదు. వాటికి ఛార్జీల పట్టిక ఉంది. అది ఎప్పుడు మారినా అందరికీ కలిపి మారుతుంది. 2025 జులై 1న మెయిల్, ఎక్స్‌ప్రెస్‌లలో నాన్ ఏసీకి కిలోమీటరుకు ఒక పైసా, ఏసీకి రెండు పైసలు పెంచినట్టుగా. 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాదు, విశాఖపట్నాల మధ్య మొదలైన వందే భారత్‌కు కూడా ఫ్లెక్సీ లేదు. దాని ధర మొదటి నుంచీ ఎత్తు మీదే కూర్చుంది కనుక మెట్లెక్కే పని దానికి లేదు.

‘మరి గోదావరిలోనే మా పక్కింటివారు ఒక ధర, మేమొక ధర ఎందుకు కట్టాం గురువుగారూ?’ అని శిష్యుడు అడుగుతాడు. వారు సాధారణ కోటాలో కొన్నారు, నువ్వు తత్కాల్‌లో కొన్నావు నాయనా. స్లీపర్‌కైతే నూరు నుంచి రెండొందల దాకా, థర్డ్ ఏసీకైతే మూడొందల నుంచి నాలుగొందల దాకా అదనం. అది నిలకడైన అదనమే. తత్కాల్‌లో కూడా దొరకక పక్కనున్న ప్రీమియం తత్కాల్ నొక్కితే మాత్రం, నువ్వు మళ్ళీ ఈ పద్యం లోపలికి వచ్చిపడ్డట్టే. 2014లో వచ్చిన ఈ కోటా ఎంచిన రైళ్ళలో తత్కాల్ బెర్తుల్లో సగాన్ని మారే ధరకు అమ్ముతుంది. ఇక పండగ ప్రత్యేక రైళ్ళుంటాయి. పేరులోనే ప్రత్యేకం కనుక ఛార్జీ కూడా ప్రత్యేకంగానే ఉండవచ్చు. కార్తిక దీపాలు ఆరకముందే భోగికి టిక్కెటు కొనుక్కోవాలన్న సంగతి మన తెలుగువాళ్ళలో చాలామందికి పుష్యంలో గుర్తుకొస్తుంది.

కనీస దూరం అనేది ఇంకో మర్మం. స్లీపర్‌లో ఎంత దగ్గరికి వెళ్ళినా కనీసం 200 కిలోమీటర్ల డబ్బు కట్టాలి. వరంగల్ నుంచి సికింద్రాబాదుకు వచ్చేవాడు ఆ లెక్కన తాను వెళ్ళని ఊళ్ళకు కూడా కొంత కడతాడు.

ఛందస్సు, అలంకారం: ఆటవెలది. యతులు సరిపోయాయి. ‘బె’కు ‘పె’తో, ‘రై’కు ‘రం’తో మైత్రి. బెర్తుకూ పెరుగుదలకూ స్నేహం ఛందస్సులోనే ఉందని దీనివల్ల తెలుస్తోంది. అలంకారం సారం. ముందు చెప్పిన దానికన్నా తర్వాత చెప్పినది హెచ్చుగా ఉండటం దాని లక్షణం. ఫ్లెక్సీకి ఇంతకన్నా అమరిన అలంకారం లేదు. అయితే సారభంగం జరిగే చోటు ఒకటుంది. 2017 జనవరి నుంచి, మొదటి చార్టు తయారయ్యాక కూడా మిగిలిపోయిన ఖాళీ బెర్తులకు మూల ఛార్జీలో పది శాతం తగ్గింపు పెట్టారు. పైకి లేవడానికి అన్ని మెట్లు, దిగడానికి ఒక్కటే మెట్టు. పైగా ఆ మెట్టు చార్టు తయారయ్యాక గాని కనబడదు. పెట్టె సర్దుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి, దొరికితే వెళ్దాం లేకపోతే ఇంటికి పోదాం అనుకునే స్థితప్రజ్ఞులు దాన్ని అందుకోగలరు.

ప్రక్షిప్తం: కొన్ని ప్రతుల్లో ఈ కింది పద్యం కూడా కనిపిస్తుంది.

ఆ.వె.
ఏసి పదికి తెఱచు నితరము పదకొండు
గుండ్రమొకటి తిరుగు కొంతసేపు
తిరిగి తిరిగి చూడ తెలిసెడిదేమన
వేచియుండువారి వెనుక నీవు

ఇది తత్కాల్ వర్ణన. ఏసీకి పది గంటలు, నాన్ ఏసీకి పదకొండు అని వేళలు విడదీసింది 2015 జూన్‌లో కనుక అంతకుముందుది కాదు. ఆధార్ ఓటీపీ ప్రస్తావన లేదు కనుక 2025 జులై తర్వాతిదీ కాదు. ఓటీపీ కోసం ఫోను వెతుక్కున్నవాడెవడూ అది చెప్పకుండా పద్యం ముగించలేడు.

గుండ్రము = తెర నడుమ తిరిగే చక్రం. సుదర్శనమని కొందరు అన్నారు, అది తప్పు. సుదర్శనం పని ముగించుకుని తిరిగొస్తుంది. కొంతసేపు = కోటా అయిపోయేటంతసేపు. గుండ్రానికి ముందు క్యాప్చా అనే వంకరలిపి పరీక్ష ఉంటుంది. దాన్ని గడగడా చదవగలిగినవారు రాళ్ళమీది శాసనాలు చదివే పనికి ఎందుకు వెళ్ళడం లేదో అర్థం కాదు. మొదటి అరగంట ఏజెంట్లకు ప్రవేశం నిషిద్ధం చేశారు. అయినా గుండ్రం తిరుగుడు మానలేదని భక్తుల అనుభవం.

వేచియుండువారు = వెయిటింగ్ లిస్టులోనివారు. సాధారణ కోటాలోనైతే వేచి ఉన్నవాడు ఆర్‌ఏసీకి చేరి, సైడ్ లోయర్‌లో సగం మీద కూర్చుని, ఎదుటివాడి మోకాళ్ళు చూస్తూ అయినా ఊరు చేరతాడు. తత్కాల్ వెయిటింగుకు ఆ నడిమి మెట్టు లేదు. బెర్తు అయినా రావాలి, పేరైనా పోవాలి. చార్టు అయ్యాక పేరు పోతే టిక్కెటు దానంతటదే రద్దయి, మనిషికి 60 రూపాయల క్లర్కేజీ పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. సౌకర్య రుసుము తిరిగి రాదు.

‘ఎక్కనే లేదు కదా, ఆ డబ్బు దేనికి గురువుగారూ?’

‘సౌకర్యంగా వేచి ఉన్నందుకు, నాయనా.’