ఎడారి దారుల్లో తలకిందుల సలహాలు

సగం దారిలోనే వెనక్కి తిరగండి. బురద ఎదురైతే పక్కకి తప్పుకోకుండా బురదలోనే అడుగేసి నడవండి. సీసాలో నీళ్ళు పొదుపు చెయ్యకండి. చొక్కా తడుపుకుని వేసుకోండి. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా వరదకి భయపడండి. సంచిలో దువ్వెన పెట్టుకోవడం మర్చిపోకండి.

ఆరిజోనా, యూటా, న్యూమెక్సికో ఎడారుల్లో నడవడానికి వెళ్తున్నామని మనవాళ్ళు ఎవరు చెప్పినా నేనిచ్చే సలహాలివి. విన్నవాళ్ళలో చాలామందికి అడ్డదిడ్డంగా అనిపిస్తాయి. అనిపించడం సహజమే. మనకి దారి గురించి తెలిసిందంతా వానలు కురిసే నేల మీద, చెరువులూ చెట్ల నీడలూ ఉన్న ఊళ్ళలో నేర్చుకున్నది. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తం మీద పడే వాన ఏడంగుళాలకి అటూ ఇటూ. అలాంటి చోట మన అలవాట్లని చాలావరకు తిరగేసుకోవాలి.

ముఖ్యంగా వేసవిలో అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ అమెరికా రప్పించుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. పెద్దవాళ్ళు మే నెలలో దిగుతారు. జులై 4 సెలవులకి ఒక వ్యాన్ అద్దెకి తీసుకుని వేగస్, గ్రాండ్ కాన్యన్, హార్స్‌షూ బెండ్, యాంటలోప్ కాన్యన్ నాలుగు రోజుల్లో చుట్టబెడతారు. ఎవరో వేసిన ప్లానే వాట్సాప్‌లో చేతులు మారుతుంటుంది. అందులో ఎక్కడ తినాలో ఉంటుంది, ఎండ సంగతి ఉండదు. నా మొదటి మాట: ఎడారి చూపించాలనుకుంటే వాళ్ళని నవంబర్‌లోనో ఫిబ్రవరిలోనో రప్పించండి. చలికి తట్టుకోలేరన్న భయం న్యూజెర్సీకి సరిపోతుంది గానీ ఫీనిక్స్, టూసాన్‌లకి కాదు. ఆ నెలల్లో అక్కడ పగలంతా హాయిగా తిరగొచ్చు. గ్రాండ్ కాన్యన్ అంచు మీద మాత్రం మంచు పడుతుంది, స్వెటర్లు కావాలి. వేసవి తప్ప కుదరదంటే కిందవి శ్రద్ధగా చదవండి.

గ్రాండ్ కాన్యన్‌లో కింద నది దాకా దిగాలనుకోకండి. దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్, సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. జూన్‌లో కూడా పొద్దున పూట అక్కడ చల్లగానే ఉంటుంది. అక్కడే మోసపోతాం. బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మొదట్లో నించుని "ఇదేం ఎండ, మేం రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం" అనే పెద్దాయన ఏ గుంపులోనైనా ఒకరుంటారు. కానీ నది అక్కణ్ణుంచి సుమారు 4,400 అడుగుల కింద ఉంది. దిగుతున్నకొద్దీ వేడి పెరుగుతుంది. అడుగున ఫాంటమ్ రాంచ్ దగ్గర జులై మధ్యాహ్నాలు 105 ఫారెన్‌హీట్ దాటడం మామూలు. అంటే 40 సెల్సియస్ పైమాటే. పైన ఉన్న చల్లదనాన్ని చూసి కిందికి లెక్క వెయ్యకూడదు.

అంతకన్నా పెద్ద చిక్కు దారి వాటంలో ఉంది. అలిపిరి మెట్ల దారిలో కష్టమంతా ముందే వస్తుంది. కాళ్ళు మొరాయిస్తే వెనక్కి దిగిపోవచ్చు, దిగడం తేలిక. ఇక్కడ అంతా తారుమారు. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. దిగుతున్నంతసేపూ ఒంట్లో సత్తువ ఉన్నట్టే ఉంటుంది. అలసట తెలిసేసరికి మీరు గోతి అడుగున ఉంటారు, తలమీద ఎండ ఉంటుంది, ఎక్కాల్సిన దారంతా అలాగే ఉంటుంది. దిగడానికి పట్టిన సమయానికి ఎక్కడానికి రెట్టింపు పడుతుందని రేంజర్లు చెప్పే లెక్క. అందుకే మీ దగ్గరున్న సమయంలో మూడో వంతు అయిపోగానే, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగాలి. నీళ్ళకీ అదే లెక్క.

మైలున్నర దగ్గర ఒక రెస్ట్‌హౌస్ వస్తుంది. రాతితో కట్టిన చిన్న నీడ. వేసవిలో కుళాయి కూడా ఉంటుంది, పైపు పగలకపోతే. బయల్దేరే ముందు నీళ్ళు వస్తున్నాయో లేదో పైన కనుక్కోవాలి. అక్కడ కాసేపు కూర్చున్నాక నాన్న "ఒరేయ్, ఇంకో మైలున్నర దిగితే ఇంకో రెస్ట్‌హౌస్ ఉందట, చూసొద్దాం పద" అంటారు. "వద్దు నాన్నా, ఇక్కణ్ణుంచే తిరుగుదాం" అనగలగాలి. పెద్దాయన మొహం చిన్నబుచ్చుకుంటారు. అయినా అనాలి. ఒక్క రోజులో నది దాకా దిగి మళ్ళీ పైకి రావాలన్న ప్రయత్నం వద్దనీ, వేసవిలో పది నుంచి నాలుగు దాకా లోయలో నడవొద్దనీ పార్కువాళ్ళు బోర్డులు పెట్టారు. ఏటా 250 మందికి పైగా మనుషుల్ని లోయలోంచి కాపాడి పైకి తేవలసి వస్తోందని కూడా ఆ బోర్డుల్లోనే రాశారు. సౌత్ కైబాబ్ ట్రెయిల్ దిగేవాళ్ళకైతే మైలున్నర దూరంలోని సీడర్ రిడ్జ్ చాలు. ఆ దారి పొడుగునా తాగే నీళ్ళు దొరకవు.

ఇంతదూరం వచ్చి పైనుంచే చూసి వెళ్ళిపోవాలా అంటారా? పైనే ఉండండి, చూడాల్సింది బోలెడుంది. యవపాయి జియాలజీ మ్యూజియం నుంచి ఊరివైపు వెళ్ళే చదునైన కాలిబాట మీద ట్రెయిల్ ఆఫ్ టైమ్ ఉంది. 2010లో తెరిచారు. అందులో ఒక మీటరు నడిస్తే పది లక్షల ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టు. దారి పక్కన లోయలోని ఒక్కో పొర నుంచి తెచ్చిన బండరాళ్ళు వరసగా నిలబెట్టారు, చేత్తో తడిమి చూడొచ్చు. లోయ అడుగున నది పక్కన కనిపించే నల్లటి విష్ణు శిస్ట్ రాయి కూడా అక్కడే ఉంది. దాని వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. ఆ పేరు విష్ణు టెంపుల్ అనే శిఖరం నుంచి వచ్చింది. ఆ శిఖరానికి విష్ణువు పేరూ, మరోదానికి శివుడి పేరూ పెట్టింది 19వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ నది దాకా దిగలేదు గానీ, ఆ రాయి మీద చెయ్యి పెట్టి నించోగలదు. నా దృష్టిలో నదిని చూసి రావడానికి ఇది ఏమాత్రం తక్కువ కాదు.

ఇక నీళ్ళు. రెంటచింతల ఎండకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, కాబట్టి ఒళ్ళు నీరు పోగొట్టుకుంటోందని తెలుస్తుంది. ఎడారి గాలి పొడి. చెమట పట్టగానే ఆవిరైపోతుంది, చర్మం పొడిగానే ఉంటుంది. "చెమటే పట్టట్లేదు, ఇంక దాహమెందుకు" అనుకుంటూ లీటర్ల కొద్దీ పోగొట్టుకుంటారు. అందుకే సీసాలో నీళ్ళని దాచకండి. నీళ్ళు ఒంట్లో ఉంటే పనికొస్తాయి, సీసాలో ఉంటే బరువు. తగ్గించుకోవాల్సింది చెమటని: నీడన ఆగండి, అడుగు నెమ్మది చెయ్యండి, ఎండెక్కితే నడక మానండి.

అలాగని వట్టి నీళ్ళే తాగుతూ పోకండి. ఇది చాలామందికి తెలియదు. ఉప్పు లేకుండా నీళ్ళు మాత్రమే తెగ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. వడదెబ్బ కాబోలనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు, మనిషి ఇంకా దిగజారతాడు. తాగినప్పుడల్లా ఏదో ఒక ఉప్పటి తిండి తినాలి. ఈ విషయంలో మన వంటింటికి సాటి లేదు. జంతికలు, చేగోడీలు, నిమ్మకాయ పులిహోర కట్టుకోండి. పెరుగన్నం మాత్రం వద్దు, ఆ వేడికి నిలవదు. ఎవరైనా మాట తడబడి, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడితే ఆలస్యం చెయ్యకుండా నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ 911కి ఫోన్ చెయ్యండి.

బట్టల దుకాణంలో హైకింగుకి నూలు బట్ట పనికిరాదంటారు. చలి కొండల్లో ఆ మాట నిజం. ఎడారి వేసవిలో మాత్రం పొడుగు చేతుల నూలు చొక్కా, వదులుగా ఉన్నది, కుళాయి కింద తడిపి వేసుకుని నడవండి. పొడి గాలికి ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆరిపోగానే మళ్ళీ తడపండి. అమ్మ చేతిలో ఉన్న నూలు చున్నీ కూడా తడిపి తలకి చుట్టండి.

చల్లటి ఇసుకని నమ్మకండి. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో ఇసుక జిప్సం, పంచదార తెలుపు. జులైలో కూడా కాళ్ళు పెద్దగా కాలవు, పిల్లలు చెప్పులు విడిచి పరిగెడతారు. కాళ్ళకి చల్లగా ఉంది కదా అని తలకి తగిలే ఎండని మర్చిపోతాం. ఆల్కలై ఫ్లాట్ అనే ఐదు మైళ్ళ దారిలో ఒక్క చెట్టు నీడా, ఒక్క చుక్క నీరూ ఉండదు. ఒక దిబ్బ దాటాక చుట్టూ అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వేసవిలో ఆ దారి పట్టకండి, నేలకి కాస్త ఎత్తుగా కట్టిన బోర్డ్‌వాక్ బాట చాలు.

ఫీనిక్స్ ఊరి మధ్యలోనే ఉన్న క్యామెల్‌బ్యాక్ కొండని "ఊళ్ళోదే కదా" అని తేలిగ్గా తీసుకుంటారు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ వేడి 110 ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో పగటిపూట ఆ దారులు మూసేసే పద్ధతి 2021 నుంచి అమల్లో ఉంది. గేటు తీసి ఉందంటే వెళ్ళొచ్చని అనుకోకండి. తెల్లారగానే కొండ ఎక్కి, ఎండ ముదరకముందే ఇంట్లో ఉండాలి. మధ్యాహ్నం నిద్రపోండి. సెలవు వృథా అవుతోందని బాధపడేవాళ్ళని చూస్తే నాకు దిగులేస్తుంది.

వాన గురించి. యాంటలోప్ కాన్యన్ లాంటి సన్నటి రాతి సందుల్లో ఉన్నప్పుడు తలెత్తి చూస్తే కనిపించే నీలం చీలిక మీకేమీ చెప్పదు. 1997 ఆగస్టు 12న అక్కడ 11 మంది వరదలో చనిపోయారు. పెద్ద వాన పడింది వాళ్ళ మీద కాదు, మైళ్ళ ఎగువన. బండరాయి నీటిని పీల్చుకోదు. ఎక్కడో కురిసిన జడివానంతా పల్లం వెతుక్కుంటూ ఆ సందులోకే దూకుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఇక్కడి వానాకాలం, మనవాళ్ళు టూర్లు పెట్టుకునేదీ సరిగ్గా అప్పుడే. యాంటలోప్ ఉన్నది నవాహో ప్రజల నేల మీద, వాళ్ళ గైడు లేకుండా వెళ్ళనివ్వరు. గైడు ఇవాళ వద్దంటే టికెట్ డబ్బుల గురించి వాదించకండి. ఆ నేలా ఆ నీళ్ళూ ఎలా నడుచుకుంటాయో వాళ్ళకి తెలుసు.

ఇక బురద. యూటాలో మోఆబ్ చుట్టుపక్కల, ఆర్చెస్ పార్కులో, ఎర్రటి ఇసుక మీద అక్కడక్కడా నల్లగా గరుకుగా మట్టి పేరుకుని కనిపిస్తుంది. ఎవరో తొక్కి పాడుచేసిన నేల అనుకుని దాని మీదుగా నడిచేస్తారు. ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. వేలి గోరంత ఎత్తున చిన్న చిన్న గుట్టలు, వాటి మీద తెల్లటి, పసుపు మచ్చలు, సందుల్లో ఎండి నల్లబడ్డ నాచు. అదంతా ప్రాణమున్నదే. కంటికి కనిపించని సైనోబాక్టీరియా పోగులు తడి తగిలినప్పుడు ఇసుక రేణువుల మధ్య పాకుతూ వెనక జిగురు తొడుగులు వదులుతాయి. ఆ తొడుగులే ఇసుకని గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచుతాయి. గాలిలోని నైట్రోజన్‌ని నేలకి అందించేదీ ఆ పొరే. చినుకు పడితే ఆ నల్లటి నాచు క్షణాల్లో ఆకులు విప్పి పచ్చబడుతుంది. దాని మీద ఒక్క బూటు పడితే నలిగి పిండి అవుతుంది. మళ్ళీ పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కాలిబాట మీద బురద ఉందని పక్కకి జరిగితే అడుగు పడేది సరిగ్గా దాని మీదే. కాబట్టి బూట్లు పాడైతే పాడవనీయండి, బాట మధ్యలోనే నడవండి. బాట లేని చోట రాతి మీదో, పొడిగా ఉన్న వాగు ఇసుకలోనో నడవండి, ఎగువన వాన సూచన లేదని చూసుకున్నాక. ఫోటో కోసం పక్కకి దిగే పిల్లల్ని ఆపడానికి మొహమాటపడకండి, పక్కవాళ్ళ పిల్లలైనా సరే.

దువ్వెన ఎందుకంటే, సోనోరన్ ఎడారిలో చోయా అనే కాక్టస్ ఉంటుంది. ఎండలో ముళ్ళు బంగారు నూగులా మెరుస్తూ ముద్దొస్తుంది. కాస్త తగిలిందంటే ఒక ముక్క ఊడి మీ పిక్కకి అతుక్కుంటుంది. చేత్తో పీకబోతే చేతికి పట్టుకుంటుంది. దువ్వెన పళ్ళు ముక్కకీ చర్మానికీ మధ్య దూర్చి ఒక్కసారి విదిలిస్తే ఎగిరి పడుతుంది. పడే వైపు ఎవరూ లేకుండా చూసుకోండి. మిగిలిన ముళ్ళకి పట్టకారు కావాలి.

ఉడతలకి పల్లీలు పెట్టకండి. గ్రాండ్ కాన్యన్‌లో జనాన్ని తరచూ కరిచేవి అవే. రాముడు నిమిరిన ఉడత కథ పిల్లలకి ఇంటికొచ్చాక చెప్పుకోవచ్చు. నారింజ తొక్క మట్టిలో కలిసిపోతుందని విసిరెయ్యకండి, ఆ పొడి నేలలో ఎన్నాళ్ళైనా ఎండి అలాగే పడుంటుంది. బండ మీద గుంటలో నిలిచిన వాన నీళ్ళలో చేతులు కడగకండి. మీ ఒంటి సన్‌స్క్రీన్, ఏళ్ళ తరబడి ఎండిన గుడ్లలో నిద్రపోయి ఆ నీటి కోసమే లేచిన చిన్న రొయ్యల్ని చంపుతుంది.

కొలరాడో నది మీద పడవ ప్రయాణానికి వెళ్తే ఇంకో నియమం వింటారు, మనవాళ్ళకి మింగుడుపడనిది: మూత్రం ఒడ్డున కాదు, నదిలోనే పొయ్యాలి. నదికి దణ్ణం పెట్టుకునే మనకి మనసొప్పదు. కానీ ఇసుక తిన్నెలు కొన్నే, దిగే మనుషులు వేలమంది, కడిగే వానలు తక్కువ. ఒడ్డున పోస్తే ఆ కంపు అలాగే ఉండిపోతుంది, నదిలో పోస్తే ఆ ప్రవాహం ముందు అది లెక్కలోకి రాదు. గైడు చెప్పినట్టు చెయ్యండి. మలం మాత్రం డబ్బాల్లో వెనక్కి తెచ్చేస్తారు.

పెట్రిఫైడ్ ఫారెస్ట్ నుంచి రాయి తీసుకోకండి. 20 కోట్ల ఏళ్ళకి పైబడ్డ చెట్లు రంగురాళ్ళుగా మారిన చోటది. తీసుకెళ్ళినవాళ్ళు తర్వాత బాధపడి, క్షమాపణ ఉత్తరం రాసి పోస్టులో వెనక్కి పంపుతుంటారు. కానీ ఏ రాయి ఎక్కడిదో తెలియదు కాబట్టి రేంజర్లు వాటిని మళ్ళీ నేల మీద పెట్టలేరు, విడిగా ఒక కుప్పలో వేస్తారు. కావాలంటే పక్కనే హోల్‌బ్రుక్ ఊరి దుకాణాల్లో ప్రైవేటు భూముల్లో తవ్వినవి అమ్ముతారు, కొనుక్కోండి.

ఆఖరుగా, ఫోన్లో టైము నమ్మకండి. ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, నవాహో నేషన్‌లో మారుస్తారు. పేజ్ ఊరి దగ్గర ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది, గంట తేడా వస్తుంది. టూర్ బుక్ చేసేటప్పుడే ఏ టైము లెక్కో అడిగి, చేతి గడియారం దానికి పెట్టుకోండి. నాన్నగారి చేతికి ఎలాగూ ఒకటుంటుంది.