అనుమానానికి పట్టాదారు ఎవరు?

మహమ్మద్ నగర్‌లో సర్పంచిని ఎన్నుకోవాలంటే గులాబీ కాగితం, వార్డు మెంబరుకైతే తెల్ల కాగితం. చేతికో రబ్బరు ముద్ర ఇచ్చి, గుర్తు మీద గుద్ది, మడిచి డబ్బాలో వేసి పొమ్మంటారు. 2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలన్నింటా ఇదే తంతు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగు బంద్, రెండింటికి లెక్క షురూ, ఆ రోజే ఫలితం. అదే ఓటరు జుక్కల్ ఎమ్మెల్యేనో జహీరాబాద్ ఎంపీనో ఎన్నుకునే నాటికి కాగితం పనికిరానిదైపోతుంది, ఈవీఎం దిగుతుంది. కాగితమంటే రిగ్గింగు, చెల్లని ఓట్లు, తెల్లార్లూ లెక్కింపు అని పెద్దలు భయపెడతారు. మోరీలు, వీధి దీపాల సంగతి కాగితం తేలుస్తుంది. యుద్ధాలు, అణుబాంబుల సంగతి బ్యాటరీ తేలుస్తుంది. ఇదేం లెక్కని అడగాల్సిన పార్టీలు వేరే పనిలో ఉన్నాయి.

ఆ పని పేరు అనుమానం. తెలుగు నేల మీద ఈవీఎం అనుమానం చేతులు మారినంత సులువుగా ఎకరం భూమి కూడా మారలేదు. 2010లో దాని పట్టా టీఆర్‌ఎస్ పేరు మీద ఉండేది. అప్పటి యంత్రంలో 64 పేర్లకు మించి పట్టవు. జులై ఉప ఎన్నికల్లో కొన్నిచోట్ల గుంపులు గుంపులుగా నామినేషన్లు వేయించి మరీ పేపర్ బ్యాలెట్ తెప్పించుకున్నారు. అదే ఏడు బీజేపీకి చెందిన జీవీఎల్ నరసింహారావు ఈవీఎంలతో ప్రజాస్వామ్యానికే ముప్పని ఇంగ్లీషులో పుస్తకం రాస్తే, అద్వానీ ముందుమాట రాశారు. 2014లో ఢిల్లీలో ఒకరు, ఇక్కడొకరు గద్దెనెక్కారు. ఇద్దరి రోగమూ ఒక్క పూటలో కుదిరింది.

పట్టా ఖాళీగా ఉండకూడదు కదా, చంద్రబాబు నాయుడి పేరుకు మారింది. సగం వీవీప్యాట్ స్లిప్పులైనా లెక్కపెట్టాలని 2019లో ప్రతిపక్షాలను వెంటేసుకుని సుప్రీంకోర్టుకెక్కారు. అసెంబ్లీ సెగ్మెంటుకు అయిదు యంత్రాలు చాలన్నది కోర్టు. మే నెలలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఆయనకు 23 సీట్లొచ్చాయి, అనుమానం బలపడింది. 151 సీట్లొచ్చిన జగన్మోహన్ రెడ్డికి యంత్రం ముద్దొచ్చింది. 2024లో ఆయనకు 11 మిగిలాయి. జూన్ తిరక్కముందే పేపర్ బ్యాలెట్లు కావాలన్నారు. ఆ ఎన్నికలో గెలిచిన చంద్రబాబుకు మాత్రం యంత్రంలో లోపమేదీ కనబడలేదు. మ్యుటేషన్ ఇంత చప్పున జరిగే ఆఫీసు మన రెవెన్యూ శాఖలో ఉంటే రైతులు దండలేసి ఊరేగించేవారు.

ఈ వ్యవహారంలో మాట మీద నిలబడింది కె.ఎ. పాల్ గారొక్కరే. ఆయన ఎన్నడూ గెలవలేదు గనుక మనసు మార్చుకునే అగత్యం రాలేదు. పేపర్ బ్యాలెట్ కోసం ఆయన వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. గెలిచినప్పుడు ట్యాంపరింగ్ ఉండదు, ఓడితేనే ఉంటుందా అంటూ చంద్రబాబును, జగన్‌ను ఇద్దరినీ ఉదాహరణకు తెచ్చింది.

యంత్రాన్ని నిజంగా విప్పి చూసిన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు, హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్. 2010లో అమెరికా, నెదర్లాండ్స్ నిపుణులతో కలిసి లెక్క ఎలా తారుమారు చేయొచ్చో చూపించాడు. మా సీళ్ల మధ్య, మా కాపలాలో అది కుదరదంది ఎన్నికల సంఘం. ఆగస్టులో యంత్రం దొంగతనం కేసు పెట్టి అరెస్టు చేశారు.

సర్కారు వాళ్ల తీరు మరో రకం. 2019లో మన పక్క నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు కడుపుమండి నామినేషన్లు వేస్తే బరిలో మొత్తం 185 మంది తేలారు. పసుపు బోర్డు ఇవ్వండని వాళ్ల మొర. ఢిల్లీకి మొర వినబడలేదు గాని అంకె వినబడింది. కొత్త రకం యంత్రాలు తెచ్చి, బూతుకు 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చారు. యూనిట్లు వారాల్లో దిగాయి. బోర్డు నిజామాబాద్ చేరేసరికి 2025 జనవరి అయింది.

ఓ మాట ఒప్పుకోవాలి. యంత్రాన్ని మాయచేసి ఎన్నిక గెలిచినట్టు ఇంతవరకు ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. నాకూ అలాంటి ఆధారం కనబడలేదు. కానీ 2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ముందు ఓడినవాడి ఏడుపు లేదు, మామూలు మనిషి ప్రశ్న ఉంది: ఇంజనీరింగ్ చదవనివాడు కూడా ఓటు లెక్కను తన కళ్లతో సరిచూసుకోగలడా? లేదని తేలింది గనుక అక్కడి యంత్రాలను ఆ కోర్టు చెల్లవంది. ఇక్కడ మనకు వీవీప్యాట్ ముందు ఏడు సెకన్లు దక్కాయి. అద్దం వెనక చీటీ కనబడి, తెగి, డబ్బాలో పడుతుంది. సెగ్మెంటుకు అయిదు బూతుల్లో తప్ప ఆ చీటీలను విప్పి లెక్కపెట్టేవాడుండడు. అన్నీ లెక్కపెట్టమంటే 2024 ఏప్రిల్‌లోనూ కోర్టు కాదంది.

ఇంతలో ఖమ్మంలో 2021లో రాష్ట్ర ఎన్నికల సంఘం ఫోన్‌లో ఓటేసే యాప్‌కు ఉత్తుత్తి పోలింగు పెట్టి చూసింది. బ్లాక్‌చెయిన్ ఉంది, ముఖాన్ని గుర్తుపట్టే ఏర్పాటు ఉంది. ఓటేసేటప్పుడు పక్కన నిలబడి ఫోన్‌లోకి తొంగిచూసే కులపెద్దను గుర్తుపట్టే ఏర్పాటు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. బూతులో మూడు వైపులా అట్ట అడ్డం పెట్టేది అందమని కాబోలు.

అందుకే నాదొక మనవి. లెక్కింపుకు ముందురోజు ప్రతి పార్టీ మండల తహసీల్దారు ఆఫీసుకొచ్చి నూరు రూపాయల స్టాంపు కాగితం మీద ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాలి: ఈ యంత్రాన్ని నమ్ముతున్నామో, లేదో. నమ్మని పార్టీ గెలిస్తే సర్టిఫికెట్ తీసుకోకుండా ఇంటికెళ్లాలి. నమ్మిన పార్టీ ఓడితే నోరు మూసుకోవాలి. గడువు అయిదేళ్లు. మధ్యలో పేరు మార్పిడికి దరఖాస్తులు తీసుకోబడవు.