గంటసేపటి పేదరికం

పేదవారి కష్టం తెలియాలంటే పేదగా పుట్టనక్కరలేదని, ఒక పూట తీరిక ఉంటే చాలునని అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఏనాడో కనిపెట్టారు. 'పేదరిక అనుకరణ', అంటే పాల్గొనేవారికి తలా ఒక పేద కుటుంబీకుని పాత్ర ఇచ్చి ఆడించే శిక్షణ, నెల రోజుల బతుకును నాలుగు వారాలుగా విడదీసి ఒక్కొక్క వారాన్ని పదిహేను నిమిషాలకు కుదిస్తుంది. ఆ పావుగంటలోనే అద్దె కట్టి, సరుకులు తెచ్చి, పిల్లలను బడికి పంపి, తాను పనిలోకి వెళ్లి రావాలి.

ఇందులో అన్నిటికన్నా నిజమైనది ప్రయాణపు చీటీ. బ్యాంకు, కొట్టు వంటివాటికి బదులుగా వేసిన ఏ బల్ల దగ్గరికి వెళ్లాలన్నా ముందుగా చీటీ ఇవ్వాలి. చీటీకి డబ్బు కావాలి, డబ్బుకు చెక్కు మార్చుకోవాలి, చెక్కు మార్చే బల్లకు వెళ్లాలంటే మళ్లీ చీటీ కావాలి. సొంత కారు తప్ప ఎరగని పెద్దమనిషి రెండో వారానికి వరుసలో నిలబడి గడియారం చూసుకుంటాడు, మూడో వారానికి టీవీకి బదులుగా ఇచ్చిన కార్డును తాకట్టు కొట్టులో పెడతాడు, నాలుగో వారానికి పే-డే లోను, అనగా రాబోయే జీతాన్ని చూపి తెచ్చుకునే అధిక వడ్డీ చేబదులు, పుచ్చుకుంటాడు. వేళకు రానివారిని అంతవరకూ సోమరులన్న నోరు అక్కడ కాస్త మూతపడుతుంది. ఆ మేలును కాదనడం అన్యాయం.

బల్లల వెనుక అధికారులుగా కూర్చోవడానికి పేదరికాన్ని నిజంగా అనుభవించినవారిని పిలవడం మంచిదని కూడా నిర్వాహకులు భావిస్తారు. కాబట్టి లేనివారు బ్యాంకు మేనేజర్లు కాగల చోటు ఒకటుంది, కాకపోతే ఆ ఉద్యోగం భోజనాల వేళ దాకానే. ఆట ముగిశాక అందరూ కూర్చొని తమ మనసులు ఎంత కలత చెందాయో చెప్పుకొంటారు, ఆపైన కారు తాళాలు వెతుక్కుంటారు.

దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్ దగ్గర ఎమోయా అనే విలాస హోటలు రేకుల గుడిసెల వాడ కట్టి, నేల కింద వెచ్చదనంతోనూ వైఫైతోనూ అద్దెకిచ్చి 2013లో లోకమంతటి చేతా చీవాట్లు తిన్నది. దాని ముందు మిస్సోరి పద్ధతి తపస్సే. భారత ప్రణాళికా సంఘం 2011లో, పట్టణంలో రోజుకు 32 రూపాయలు ఖర్చు పెట్టగలవాడు పేద కాడని సుప్రీంకోర్టుకు విన్నవించినప్పుడు, ఆ లెక్క కట్టినవారి ముందు ఇలాంటి బల్లలైనా ఎవరూ వేయలేదు.

అసలు వెలితి మరొకటి: చీటీ ధర, వడ్డీ, గంట కూలి ఆటకు ముందే ఖరారై ఉంటాయి గనుక, వాటిని ఖరారు చేసిన శాసనకర్త పాత్ర ఎవరి వంతుకూ రాదు. ఈ ఆట పుట్టిన మిస్సోరిలోనే 500 డాలర్ల లోపు పే-డే లోను మీద, అసలులో 75 శాతం దాకా వడ్డీ, రుసుముల పేరిట రాబట్టుకోవడానికి చట్టం అనుమతించింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం 2009 జూలైలో గంటకు 7.25 డాలర్లకు చేరి, నేటికీ అక్కడే ఉంది.