పిల్లల సినిమా మీద అభిప్రాయం చెప్పే విధానం

ఆదోనిలో సినిమా చూడ్డం సులువు, చూసొచ్చి గమ్మునుండడమే కష్టం. హాలు మెట్లు దిగకముందే ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేసి "ఎట్లుందప్పా?" అంటారు. మామూలు సినిమా అయితే జవాబు ముందే తయారుగా ఉంటుంది. హీరో మనవాడైతే బ్రహ్మాండం, పక్కవాళ్ళవాడైతే రెండో సగం లాగుడు. చిక్కంతా పిల్లల పుస్తకం నుంచి తీసిన మాయల సినిమాతోనే. దానికి అభిమాన సంఘం ఉండదు, ఎటు పక్క మాట్లాడాలో తెలియదు. ఆ ఇబ్బంది పడేవారికి ఈ పద్ధతి పనికొస్తుంది.

అభ్యాసానికి 'ది జంగిల్ బుక్' తీసుకుందాం. 2016 ఏప్రిల్ 8న, సరిగ్గా ఉగాది నాడు, అమెరికా కంటే వారం ముందే మన దేశానికి వచ్చింది. తెలుగు మాటలతోనూ వచ్చింది. అదే రోజు పవన్ కల్యాణ్ 'సర్దార్ గబ్బర్ సింగ్' కూడా దిగింది. తోడేళ్ళ మధ్య పెరిగిన మోగ్లీ అనే పిల్లవాడి గురించి ఆ పూట ఎంతమంది మాట్లాడుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

1. సినిమా పూర్తిగా చూడకండి

పత్తి యార్డులో కొనేవాడు బోరెంలో చెయ్యి పెట్టి చిటికెడు దూది లాగి, రెండు వేళ్ళ మధ్య పింజ సాగదీసి, మొత్తానికీ ధర చెప్పేస్తాడు. మీరూ అంతే. ట్రైలరు చాలు. పూర్తిగా చూస్తే అనుమానాలు పుడతాయి, గొంతులో ధాటి తగ్గుతుంది.

2. పుస్తకం చదివినట్టు కనపడండి

"పుస్తకంలో ఇట్ల లేదు" అనే ఒక్క మాట నేర్చుకోండి. ఎక్కడ వాడినా తప్పు పోదు. కిప్లింగు 1894లో అచ్చేసిన ఆ పుస్తకంలో ఉన్న కథలు ఏడు, మోగ్లీవి మూడే. కోతుల రాజు లూయీ అందులో లేనే లేడు. కోతులకి నాయకుడనేవాడే లేడన్నది కిప్లింగు ఎత్తిపొడుపు. రాజును పుట్టించింది 1967లో డిస్నీ కార్టూను. కొండచిలువ కా పుస్తకంలో మోగ్లీకి దోస్తు, సినిమాలో మింగడానికొచ్చే శత్రువు. పుస్తకంలో పిల్లవాణ్ని తోడేళ్ళూ వెళ్ళగొడతాయి, ఊరివాళ్ళూ రాళ్ళతో కొట్టి తరుముతారు. సినిమాలో హాయిగా అడవిలోనే ఉండిపోతాడు. ఇవి మూడు చెప్పి ఆపండి. "నువ్వు చదివినావా?" అని ఎవరైనా అడిగేలోపు టీ చెప్పండి.

"మన అడివి ఎంత అచ్చంగా చూపించినాడు!" అని మెచ్చుకోవడం కూడా మంచిదే. కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. కిప్లింగు బొంబాయిలో పుట్టినా, ఈ కథలు రాసింది అమెరికాలోని వెర్మాంట్‌లో. సినిమా తీసింది లాస్ ఏంజెలస్ స్టూడియోలో. మోగ్లీ వేసిన నీల్ సేఠీ న్యూయార్కు పిల్లవాడు, మృగాలన్నీ కంప్యూటరువి. ఆ మాయాజాలానికి ఆస్కారు కూడా వచ్చింది. ఇంత అచ్చమైన మన అడివి ఇంకెక్కడ దొరుకుతుంది!

3. పాతదాన్ని తెచ్చి నెత్తిన పెట్టండి

యాభై దాటినవారు 'పాతాళభైరవి' అనాలి. 1951 నాటి సినిమా. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల ఛాయలో అల్లిన కథ. తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రి మనిషి కాబట్టి "మన సీమవాడు" అని కలపండి. కెమెరా మార్కస్ బార్ట్‌లీది. కంప్యూటరు లేకుండా అంత మాయ చేశాడని గుర్తుచేస్తే ఎదుటివాడు నోరు మూస్తాడు. ఎస్.వి. రంగారావు మాంత్రికుణ్ని చూసి మీరు చిన్నప్పుడు అమ్మ కొంగు చాటున దాక్కున్న సంగతి మాత్రం చెప్పొద్దు. ఆరో సూత్రంతో తగువొస్తుంది.

నలభైలలో ఉన్నవారు 1993 దూరదర్శన్ మోగ్లీ కార్టూను అనాలి. హిందీలో పులి షేర్‌ఖాన్‌కి నానా పాటేకర్ గొంతిచ్చిన సంగతి ఎత్తి, తెలుగు పులి గొంతులో పస లేదని పెదవి విరవండి.

4. మీరు చూడని భాషలోనే బాగుందనండి

ఇది మన ఊళ్ళకే చెల్లిన సౌకర్యం. తెలుగులో చూసినవారు "హిందీలో చూడల్లప్పా" అనాలి. హిందీలో చూసినవారు ఇంగ్లీషు అనాలి. ఇంగ్లీషులో చూసినవారు, అర్థమైనా కాకపోయినా, తలూపి ఊరుకోవాలి. ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో నడుస్తాయి గనక ఎవరూ మిమ్మల్ని పరీక్ష పెట్టరు.

5. మీ వృత్తిని వదలకండి

మాచాని సోమప్ప నేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఎమ్మిగనూరు నుంచి వచ్చినవారైతే, గుడ్డ సంగతి ఎత్తండి. "ఇన్ని కోట్ల సినిమాలో మొత్తం నేత ఒక్క ఎర్ర గోచీనా!" ఇంతకంటే నిజాయితీ గల విమర్శ ఎక్కడా దొరకదు.

6. పిల్లల మనసు గురించి బాధపడండి

సెన్సారు బోర్డు ఈ పిల్లల సినిమాకి యు/ఎ ఇచ్చింది. త్రీడీలో మృగాలు మీద పడినట్టుంటాయి, పిల్లలు జడుసుకుంటారు, పెద్దల తోడు కావాలన్నది అప్పటి అధ్యక్షుడు పహలాజ్ నిహలానీ వాదన. ఆ మాట పట్టుకుని మీరూ దిగులు పడండి. మీ పక్కన కూర్చున్న పిల్లవాడు అదే పూట తలలు తెగే సినిమా కావాలని ఏడుస్తుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

7. సామాజిక కోణం ఒకటి ఉండాలి

చదువుకున్నవారికిది తప్పనిసరి. బాలూ ఎలుగుబంటి మోగ్లీని కొండచిలువ నోట్లోంచి కాపాడి, ఆ బాకీ కింద కొండ అంచున తేనెపట్లు కొట్టిస్తుంది. పిల్లవాడు ఈగల చేత కుట్టించుకుంటూ పట్లు దింపుతాడు, ఎలుగు కింద కూర్చుని తింటుంది. "ఇది బాల కార్మిక వ్యవస్థ కాదా?" అని ఘాటుగా అడగండి. చప్పట్లు పడతాయి.

ఆ ఘాటు హాలు గేటు దాటకుండా చూసుకోవడం ముఖ్యం. ఎందుకంటే సినిమా వచ్చింది సుగ్గి నెలల్లో. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళమేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు మిరప కోతలకి పోయే నెలలవి. "పిల్లలంతా చూడాల్సిన సినిమా" అన్నప్పుడు ఆ పిల్లల్ని లెక్కలో కలపకండి. కలిపితే వాక్యం పాడవుతుంది.

8. పిల్లల్ని అడగకండి

అడగక తప్పకపోతే కాన్వెంటు పిల్లల్నే అడగండి. "సూపర్ అంకుల్" అంటారు, పని తీరిపోతుంది. పొరపాటున సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లను ఎవరి టీవీ ముందో కూర్చోబెట్టి అడిగారా, ఆ తేనె దృశ్యం దగ్గరే ఆగిపోయి, "వానికి కిలోకెంత కట్టిచ్చినారు?" అంటుంది. "అడ్వాన్సు ఎప్పుడు తీరుతాది?" అని కూడా అడగొచ్చు. ఈ రెండు ప్రశ్నలకూ పుస్తకంలో జవాబు లేదు, పాతాళభైరవిలో లేదు, హిందీలో చూసినా దొరకదు. కంగారు పడకండి. "ఉగ్గాని, బజ్జీ తింటావామ్మా?" అని మాట మార్చి, ఏడో సూత్రంలోని ప్రసంగాన్ని ఇంకో వీధిలో మొదలుపెట్టండి.