బండి ముంగిట రసికుడు

దీపములు పెట్టు వేళ మన యే పట్టణమందైనను నాలుగు వీథులు కలియు చోట నొక తోపుడుబండియు, దానిపై సలసల కాగు నూనెమూకుడును, ఆ మూకుటి చుట్టు మూగిన జనులందఱికంటె నొక యడుగు ముందునకు జరిగి, తనకు రావలసిన బజ్జీలకంటె నితరుల బజ్జీల పరిపాకమును గూర్చియే యెక్కువ శ్రద్ధ వహించి, "ఒరేయ్ అబ్బాయ్, మంట తగ్గించు, లోపల కాయ మగ్గలేదు" అని యాజ్ఞాపించుచుండు నొక పెద్దమనుష్యుడును తప్పక కానవచ్చును. బండి ఆయనది కాదు. మూకుడు ఆయనది కాదు. బజ్జీలవాడు ఆయనకు చుట్టమును కాడు. అయినను ఆయన రాని నాడు బండికి కళ యుండదని బజ్జీలవాడే చెప్పును. చెప్పక యేమి చేయును, నిత్యము తప్పని బేరము!

ఈ మహాశయుని గృహవర్తన మెఱిగినవారికి గాని యీయన బండివద్ద కనబఱచు వైరాగ్యము యొక్క విలువ బోధపడదు. ఇంట కాచి చల్లార్చిన నీరు తప్ప ముట్టడు. కాఫీగ్లాసు అంచున నలుసంత మరక యున్నచో గ్లాసును వెనుకకు పంపును. ఒకసారి కాగిన నూనె మరల కాచినచో విషతుల్యమగునని ధర్మపత్నికి పండుగ పండుగకును ఉపన్యసించును. అట్టి శుచిమంతుడు, ఏనాడు పోసినదో పోసినవానికే జ్ఞాపకములేని నూనెలో వేగి, అచ్చుసిరా తడియారని పత్రికాఖండమున పొట్లమై, మీదనుండి మున్సిపాలిటీవారి ధూళిని మసాలాగా స్వీకరించిన బజ్జీని కన్నులు మూసికొని యారగించును. "ఏమండీ, ఆ బజ్జీలేవో నేను ఇంట్లో వేస్తే పనికిరావా?" అని యా సాధ్వి యడిగినపుడు ఆయన చెప్పిన ప్రత్యుత్తరము నేను స్వయముగా వినియున్నాను: "బాగుందే! ఇంట్లో నిలబడి తింటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆయన సిద్ధాంతసర్వస్వమును ఈ యొక్క ప్రశ్నలోనే యిమిడియున్నది. రుచి యనునది పదార్థమునందు నాల్గవపాలు మాత్రమే కలదనియు, తక్కిన మూడుపాళ్ళును నిలుచుటయందును, నిరీక్షించుటయందును, ప్రక్కవానికి ముందుగా ఇచ్చినపుడు కలుగు నీర్ష్యయందును ఉన్నవనియు ఆయన మతము. ఐనను ఆ నాల్గవపాలును గూర్చి ఆయన పాండిత్యము తక్కువదని యెవరును భ్రమింపరాదు. బజ్జీకాయ పొడవుగా, లేతయాకుపచ్చగా, కారము తక్కువగా నుండవలెను. నిలువున చీల్చి గింజలు తీసి, చింతపండు గుజ్జున వామును ఉప్పును నూరి లోన పూయవలెను. శనగపిండిలో వంటసోడా చిటికెడు మించెనా, బజ్జీ నూనె త్రాగి తాను బలిసి, తిన్నవాని నుబ్బించును. పునుగులకు దోసెపిండి పులిసినదే కావలెను, అల్లపు పచ్చడి లేని పునుగు ఆయన దృష్టిలో అనాథ. ఇక పిడతకింద పప్పు మాట యెత్తినచో ఆయన కంఠము గద్గదమగును: మరమరాల రాశిమీద నిప్పులు పోసిన చిన్నపిడతను కూర్చుండబెట్టి, ఆ వెచ్చదనము చల్లారకుండ ఉల్లిముక్కలు నిమ్మరసము కలిపి పొట్లము కట్టి యిచ్చు వర్తకులు ఉత్సవములలో అరుదగుచున్నారని ఆయనకు గల దుఃఖము, దేశమునకు గల యే యితర దుర్దశను గూర్చియు లేదు.

స్వస్థలముననే యింత నిష్ఠ గలవాడు దేశాటనము చేసినచో దేవాలయములు రెండవ పక్షమునకు దిగును. కాశికి పోయినవారు తమకు ప్రియమైన కాయనో పండునో విడిచిరావలెనను నాచారము కలదు గదా; ఆయన జన్మమున నెన్నడును గిట్టని కాకరకాయను గంగలో విడిచి, గట్టెక్కిన వెంటనే గల్లీలో టమాటా చాట్‌ను పట్టుకొనెను. బొంబాయిలో ఆయన చూడగోరినది సముద్రము కాదు, 1966లో వడాపావ్ పుట్టినదని చెప్పుకొను దాదర్ స్టేషను పరిసరము. హైదరాబాదు గప్‌చుప్, ఢిల్లీ గోల్‌గప్పా, బొంబాయి పానీపూరీ, కలకత్తా పుచ్కా అన్నియు నొక్కటే గదా యని యొకడు పొరపాటున ననినచో, జన్మతః స్మార్తుడయ్యును ఆయన ఆ క్షణమున అద్వైతము నొల్లడు. బొంబాయిలో వేడి రగడా నింపుదురనియు, కలకత్తాలో ఉడికిన బంగాళాదుంపను నల్లశనగలతో చేత మెదిపి, చింతపండు నీట ముంచి దొన్నెలో ఒక్కొక్కటిగా వడ్డింతురనియు, ఈ భేదము నెఱుగనివాడు తిన్నను తిననట్లే యనియు ఘంటసేపు వాదించును.

చరిత్ర చదివిన అన్నకొడు కొకడు ఆయన గర్వమును భంగపఱుపనెంచి, మిరపకాయయు బంగాళాదుంపయు అమెరికా ఖండమున పుట్టినవే యనియు, మిరపను 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు మన రేవులకు తెచ్చిరనియు, సమోసా మధ్య ఆసియా నుండి వచ్చినదే యనియు, 14వ శతాబ్దిలో ఇబన్ బతూతా తుగ్లక్ కొలువు విందులో చూచిన దానియందు మాంసమును బాదము పిస్తాలును తప్ప దుంప లేనేలేదనియు సోపపత్తికముగా నిరూపించెను. ఆయన నిదానముగా విని, "సరేలేరా అబ్బాయ్, వాళ్ళు కాయ పంపించారు. దాని పొట్ట చీరి వాము పెట్టిందెవడు?" అని యడిగెను. చరిత్ర దీనికి బదులు చెప్పలేదు.

1990లో మారిషస్ ద్వీపమున ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినపుడు ఆయన ప్రతినిధిగా వెళ్ళెను. కోరంగి రేవున ఓడలెక్కిన కూలీల సంతతివారు తరములు గడచినను ఉగాదిని మఱవక యుండుట చూచి కన్నీరు పెట్టుకొనెనని తోడి ప్రతినిధులు చెప్పుదురు. మఱునాటి సాహిత్య సదస్సున మాత్రము ఆయన కుర్చీ ఖాళీగా నుండెను. వెదుకబోయినవారికి ఆయన పోర్ట్ లూయీ వీథిలో, పప్పుపొడి కూరిన పలుచని రొట్టెలను రెండేసి చొప్పున చిక్కుడుగింజల కూరతో కాగితమున చుట్టి యిచ్చు దాల్‌పూరీ బండిముందు దొరకెను. ప్రక్కబండిమీద, రుబ్బిన పప్పులో పచ్చిమిరప తరిగి వేసి వేయించిన ఉండలను చూపి, "ఇది మన మసాలావడ కూతురయ్యా, ఇక్కడ మెట్టింది" అని వారికి పరిచయము చేసెనట. సభలనుండి ఆయన తెచ్చిన సాహిత్యవార్త నాకు తెలిసినంతవఱ కిదియే.

కడపట ఆయన కుమారుని చూడబోయి అమెరికా చేరెను. న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణపు ఓక్ ట్రీ రోడ్డు మీద మన దుకాణములు బారులుతీరి యుండుటచే, పితృభక్తి గల యా కుమారుడు తొలి శనివారమే పానీపూరీకి తీసికొనిపోయెను. కుర్చీ వేసిరి, అదియే తొలి యపచారము. పూరీలు వేఱు, కూర వేఱు, నీరు వేఱు గిన్నెలో తెచ్చి బల్లమీద పెట్టి వడ్డించు కుఱ్ఱవాడు వెడలిపోయెను. తన పెండ్లికి తానే పౌరోహిత్యము చేసికొనవలసివచ్చిన వరునివలె ఆయన క్షణకాలము దిగ్భ్రాంతుడై, తుదకు లేచి నిలుచుండి, ఆ కుఱ్ఱవానిని పిలిచి, "నాయనా, మీదే ఊరు?" అని యడిగెను.

"తెనాలండి."

"తెనాలివాడివై యుండి ఇదేం పాపమయ్యా! నువ్వు చేతులు కడుక్కుని ఒక్కొక్కటీ చిదిపి నా చేతికియ్యి."

"గ్లవ్స్ ఉండాలి అంకుల్, ఇక్కడ రూలు."

"తొడుక్కో. రుచి పోతే పోనీ, పద్ధతి ఉండాలి."

కుమారుడు సిగ్గున ఫోను చూచుకొనుచుండగా, చదువుకొనుచు సాయంకాలములందు పనిచేయు నా కుఱ్ఱవాడు ఒక్కొక్క పూరీని ముంచి యందీయసాగెను. ప్రక్కబల్లల నున్న గౌరవనీయులు ఒకరి తరువాత నొకరు కుర్చీలు విడిచి చుట్టును చేరి చేతులు చాచిరి. చివరిపూరీ కాగానే ఆయన సంప్రదాయానుసారముగా, "ఒక సూఖా పూరీ ఇవ్వవోయ్, ఊరికే" అనెను. కుఱ్ఱవాడు యజమాని వైపు చూచెను. యజమాని బిల్లు వైపు చూచెను. ఊరికే ఇచ్చుట యంత్రమున లేదని తేలెను.

ఆయన ఆలోచించి, "అయితే ఇంకో ప్లేటు పట్రా. ఈసారి సూఖా పూరీ సంగతి ముందే తేల్చుకుని మొదలుపెడదాం" అనెను.